కొండల్లోని కారునలుపు చారలు



దివ్యఖుర్ఆన్‌లోని సూరహ్ ఫాతిర్ 27వ ఆయత్‌ను మనలో చాలామంది ఎన్నోసార్లు పారాయణం చేసి ఉంటారు. ఆకాశం నుంచి వర్షం కురిపించి, దానితో రంగురంగుల ఫలాలను పండించే తన శక్తిని గురించి చెప్పిన అల్లాహ్, ఆ వెంటనే మన చూపును కొండల వైపు మళ్ళిస్తాడు. వాటిలో తెల్లని చారలు, ఎర్రని చారలు, ఆ రంగుల్లోనే ఎన్నో ఛాయలు, మరి కొన్ని కాకి రెక్కలాంటి కారునలుపు చారలు ఉన్నాయని గుర్తు చేస్తాడు. ఆ తరువాతి ఆయత్‌లో మనుషుల్లో, జంతువుల్లో ఉన్న రంగుల తేడాలను ప్రస్తావించి, తన దాసుల్లో జ్ఞానం కలవారే తనకు భయపడతారని తెలియజేస్తాడు.

గమనించండి. జ్ఞానం మాట వచ్చింది రాళ్ళ మాట తర్వాతనే! పండు రంగు చూడకుండా మనం బండి దగ్గర డజను అరటిపళ్ళు కూడా కొనం. రాయి రంగును మాత్రం ఇంట్లో వంటగది గట్టు వేయించేటప్పుడు తప్ప ఎవరూ చూడరు. అది కూడా పక్కింటివారి గట్టు కన్నా మెరుస్తుందా లేదా అనే చూస్తారు.

ఎల్.బి.నగర్ ప్రాంతంలోని ఒక మస్జిద్‌లో అస్ర్ నమాజు తర్వాత తెలుగులో జరిగే దర్స్‌లో ఇటీవల ఈ ఆయత్ వచ్చింది. భూగర్భశాస్త్రం చదువుతున్న ఒక డిగ్రీ విద్యార్థి ఆ దర్స్‌కు వస్తుంటాడు. "మౌలానా, వచ్చే వారం మూడు రాళ్ళు తెస్తాను. అందరికీ చూపిద్దామా?" అని అడిగాడు. నేను సరేనన్నాను. అతను నిజంగానే గుడ్డ సంచిలో మూడు రాళ్ళు తెచ్చి చాప మీద పెట్టాడు. ఆ రోజు అక్కడ జరిగిన మాటలే ఈ నెల పాఠకులకు చెప్పదలిచాను.

మొదటి రాయి కొత్తపేటలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లారు తవ్వుతుండగా తీసినది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా, ఆపైన వనస్థలిపురం దాకా మన కాళ్ళ కింద ఉన్నది ఈ గ్రానైటే. బోరు వేయించినవారందరికీ ఇది తెలుసు. కొంత మట్టి దిగగానే రాయి తగులుతుంది. దీని వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. చేతిలోకి తీసుకుని చూస్తే గులాబీ, తెలుపు, నలుపు పలుకులు విడివిడిగా కనిపిస్తాయి. గాజులా మెరిసే పలుకులు కూడా ఉంటాయి. భూమి పొరల్లో కిలోమీటర్ల లోతున, పైన కొండంత బరువు కప్పుకుని, కరిగిన ముద్ద ఎంతో నెమ్మదిగా చల్లారింది. అందువల్ల ప్రతి ఖనిజానికీ పెరగడానికి వ్యవధి దొరికింది. పలుకులు పెద్దవయ్యాయి.

రెండో రాయి నల్లనిది. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల నుంచి తెచ్చాడు. గ్రానైట్ కన్నా బరువుగా ఉంది. ఎంత చూసినా అందులో పలుకులు కనబడవు. ఇది బసాల్ట్. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం దక్కన్ పీఠభూమిలో భూమి చీలికల నుంచి లావా పొంగి, పొర మీద పొరగా పరచుకుంది. అది పైకి రాగానే గాలి తగిలి త్వరగా గట్టిపడింది కనుక పలుకులు పెరగడానికి సమయం చాలలేదు. ఇనుము, మెగ్నీషియం ఎక్కువ ఉన్నందున నల్లబడింది. చేవెళ్ళ, వికారాబాద్ వైపు పత్తి పండే నల్లరేగడి నేల కూడా ఈ రాయి కరిగి మట్టిగా మారినదే. మహారాష్ట్రలో అత్యధిక భాగం ఈ రాతి మీదనే ఉంది. దాని తూర్పు అంచు మన దగ్గరికి వచ్చి ఆగింది. మన నగరం గ్రానైట్ మీద ఉంది, పడమరగా బస్సెక్కి రెండు మూడు గంటలు పోతే బసాల్ట్ మొదలవుతుంది.

చాప మీద కూర్చున్న ఒక పెద్దాయన ఈ రెండింటినీ రెండు చేతుల్లో పట్టుకుని, "అయితే ఇది ఎలా పుట్టిందో దీని ముఖం మీదే రాసి ఉందన్నమాట" అన్నారు. అంతకన్నా బాగా నేను చెప్పలేను. లావా నీటిలో పడి ఒక్కసారిగా చల్లారితే అసలు పలుకే ఏర్పడక నల్లగాజులా అవుతుంది. లోపల కొంతకాలం నెమ్మదిగా చల్లారి, తర్వాత పైకి తన్నుకొస్తే, సన్నని నల్లపిండిలో పెద్ద పలుకులు పొదిగినట్టు ఉంటుంది. వాయువులతో నురుగులా పొంగి గట్టిపడితే నీటి మీద తేలేంత తేలికైన రాయి అవుతుంది. పారుతూ పైపొర ముడతలు పడితే పేనిన తాళ్ళలా కనిపిస్తుంది. మందపాటి పొర చల్లారుతూ కుంచించుకుపోతే నిలువునా పగిలి స్తంభాలు నిలబెట్టినట్టు అవుతుంది. ముంబైలోని అంధేరీలో ఉన్న గిల్బర్ట్ హిల్ అటువంటిదే. రాయి తన మీద జరిగినదాన్ని దాచుకోలేదు. అది కోట్ల ఏళ్ళయినా అలాగే చెబుతుంది.

సూరహ్ జిల్‌జాల్‌లో ప్రళయదినాన భూమి తన సమాచారాలన్నిటినీ వివరిస్తుందని ఉంది. ఆ సమాచారాలంటే ఏమిటో దైవప్రవక్త (స) తన సహచరులకు వివరించారు. తన వీపు మీద ఏ దాసుడు, ఏ దాసి, ఏ రోజు ఏం చేశారో భూమి సాక్ష్యమిస్తుందన్నది ఆ వివరణ సారాంశం. తిర్మిజీ గ్రంథంలో ఈ హదీసు ఉంది. రాయి మాట్లాడుతుందా అని నవ్వేవాళ్ళు ఆ చాప మీది మూడు రాళ్ళను చూసి ఉంటే బాగుండేది.

ఇక మూడో రాయి. అదీ నల్లదే, కాని ఒళ్ళంతా గుంటలు. లావాలోని వాయువు బుడగలుగా లేచి బయటికి పోయేలోపే అది గట్టిపడిపోతే ఆ బుడగల గూళ్ళు అలాగే మిగిలిపోతాయి. తర్వాత లక్షల ఏళ్ళపాటు ఖనిజాలు కరిగిన నీరు ఆ గూళ్ళలోకి ఊరుతూ ఒక్కో పొర పేరుస్తుంది. ఒక గూటిలో తెల్లని జియోలైట్ స్ఫటికాలు ఏర్పడతాయి. మరో గూటిలో పొరపొరలుగా ఒక రాయి ఏర్పడుతుంది. ఆ విద్యార్థి తెచ్చిన ముక్కలో శనగగింజంత గూడు ఒకటి సగానికి పగిలి ఉంది. లోపల బూడిద, తెలుపు, లేత ఎరుపు వలయాలు కనిపించాయి.

"ఇదేమిటో తెలుసా మౌలానా? ఇదే అఖీఖ్" అన్నాడతను.

అప్పుడు నా ఎదురుగా కూర్చున్న ఒక సోదరుడు తన కుడిచేతిని మెల్లగా జేబులోకి పోనిచ్చుకున్నాడు.

ఆయన గురించి కొంచెం చెప్పాలి. దిల్‌సుఖ్‌నగర్ వైపు టైల్స్, బాత్రూం సామాన్ల దుకాణం నడుపుతాడు. నమాజీ. అంతకు ముందు శుక్రవారమే జుమా తర్వాత నన్ను పక్కకు పిలిచి చేయి చూపించాడు. వెండి ఉంగరంలో ముదురెరుపు రాయి. ఎనిమిదిన్నర వేలు పెట్టి కొన్నాడట. "మౌలానా, ఇది యెమన్ అఖీఖ్ అట. వేలికి ఉంటే రిజ్ఖ్ పెరుగుతుందని, అప్పులు తీరిపోతాయని అమ్మినాయన చెప్పాడు. నిజమేనా?" అని అడిగాడు. నడవాలో నిలబడి చెప్పే విషయం కాదు భాయ్, దర్స్‌లో మాట్లాడుకుందాం అన్నాను. ఇప్పుడు ఆ సందర్భం దానంతటదే వచ్చింది.

ముందు ధర్మం ఏమిటో చూద్దాం. పురుషుడు వెండి ఉంగరం ధరించడం అనుమతించబడినదే. మహాప్రవక్త (స) రాజులకు ఉత్తరాలు పంపేటప్పుడు ముద్ర వేయడానికి వెండి ఉంగరం చేయించుకున్నారు. దానికి అబిసీనియా రాయి పొదిగి ఉండేదని హజ్రత్ అనస్ (రజి) ద్వారా ముస్లిం గ్రంథంలో ఉంది. ఆ ముద్రటుంగరం తర్వాత హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి) చేతులు మారి హజ్రత్ ఉస్మాన్ (రజి) దగ్గర ఉండగా అరీస్ బావిలో పడిపోయింది. మూడు రోజులు వెదికారు, బావి నీళ్ళు తోడించారు, దొరకలేదు. ఉంగరంలోనే రక్షణ ఉండి ఉంటే అల్లాహ్ దాన్ని బావిపాలు కానిచ్చేవాడా?

అఖీఖ్ శుభప్రదమని, అది పేదరికాన్ని పోగొడుతుందని చెప్పే ఉల్లేఖనాలు కొన్ని ప్రచారంలో ఉన్నాయి. హదీసు పరిశోధకులు వాటిని తిరస్కరించారు. ఇబ్నుల్ జౌజీ (రహ్మ) వాటిని కల్పిత హదీసుల గ్రంథంలో చేర్చారు. ఇక రాయి విషయంలో విశ్వాసి వైఖరి ఎలా ఉండాలో హజ్రత్ ఉమర్ (రజి) ఒక్క సంఘటనతో తేల్చేశారు. ఆయన హజరె అస్వద్‌ను ముద్దాడుతూ, నువ్వు రాయివే, నష్టం చేయలేవు, లాభం చేయలేవు, ప్రవక్త (స) నిన్ను ముద్దాడడం చూడకపోతే నేను ముద్దాడేవాణ్ణి కాను అన్న భావం వచ్చేలా పలికారు. కాబాలో అమర్చిన రాయి గురించే ఆ మాట అన్నప్పుడు, బుడగ గూటిలో ఊరిన రాయి ఎవరి అప్పు తీరుస్తుంది? అలంకారానికి పెట్టుకుంటే ఉంగరం. రిజ్ఖ్ ఇస్తుందని నమ్మితే షిర్క్ వైపు అడుగు.

మరో సంగతి. గుజరాత్‌లోని ఖంభాత్ పనివాళ్ళు దక్కన్ లావాల నుంచి వచ్చిన ఇలాంటి రాళ్ళనే తరతరాలుగా కోసి, కాల్చి, ఎరుపు తేల్చి, పూసలు చేసి అరబ్బు దేశాలకు ఎగుమతి చేశారు. కాలిస్తే లోపలి ఇనుము వల్ల ఎరుపు ముదురుతుంది. యెమన్ అఖీఖ్ కూడా అగ్నిశిలల్లో పుట్టినదే. కనుక ఎనిమిదిన్నర వేలలో రాయి ఖరీదెంత, యెమన్ పేరు ఖరీదెంత అన్నది ఆ సోదరుడే ఆలోచించుకోవాలి.

సోదరులారా! ఈ అగ్నిశిలలకు మన ప్రవక్త (స) పట్టణంతో ఉన్న సంబంధం మనలో చాలామందికి తెలియదు. మదీనాకు తూర్పున ఒకటి, పడమర ఒకటి నల్లరాతి మైదానాలున్నాయి. కాల్చినట్టుండే వాడి రాళ్ళ నేల. అరబ్బులు దాన్ని హర్రా అంటారు, లాబా అని కూడా అంటారు. అదంతా చల్లారిన లావాయే. తాను హిజ్రత్ చేయబోయే భూమి రెండు నల్లరాతి నేలల నడుమ ఖర్జూర చెట్లున్న ప్రదేశంగా ప్రవక్త (స)కు కలలో చూపబడింది. ఆ రెండు లాబాల మధ్య ప్రదేశాన్నే ఆయన పవిత్ర స్థలంగా ప్రకటించారు. సత్యాన్ని వెదుక్కుంటూ పర్షియా నుంచి బయల్దేరిన సల్మాన్ ఫార్సీ (రజి)కు అమ్మూరియాలోని క్రైస్తవ సాధువు చెప్పిన గుర్తు కూడా ఇదే. రెండు హర్రాల మధ్య ఖర్జూర వనాలున్న చోటికి ఒక ప్రవక్త వలస వస్తారని ఆయన చెప్పాడు. సల్మాన్ (రజి) దారిలో మోసపోయి, బానిసగా అమ్ముడుపోయి, చేతులు మారి మదీనా చేరారు. ఆ నేలను చూడగానే గుర్తుపట్టారు. రాతి రూపం ఆయనకు దారి చూపింది. అయితే ఆయన రాయి దగ్గర ఆగిపోలేదు. ప్రవక్త (స) వచ్చేదాకా ఎదురుచూశారు.

మదీనావాసులకు ఊరంతా అనడానికి రెండు లాబాల మధ్య అనడం అలవాటు. మనం దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా నాకన్నా పేదవాడు లేడు అన్నట్టుగా! రమజానులో ఉపవాసం భంగపరచుకుని వచ్చిన ఒక వ్యక్తి, దానం చేయమని ఇచ్చిన ఖర్జూరాల గంప పట్టుకుని ఈ మాటే అన్నాడు. ప్రవక్త (స) పళ్ళు కనిపించేలా నవ్వి, అయితే నీ ఇంటివారికే తినిపించు అన్నారు. ఆ నల్లరాళ్ళ మధ్య ఇలాంటి కారుణ్యం కూడా ఉంది.

ఇక అసలు సంగతికి వస్తాను. హిజాజ్ భూమి నుంచి ఒక అగ్ని వెలువడి, దాని వెలుగు సిరియాలోని బుస్రాలో ఒంటెల మెడల మీద పడనిదే ప్రళయం రాదని ప్రవక్త (స) ముందే తెలియజేశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఈ హదీసు ఉంది. హిజ్రీ 654లో, అంటే క్రీ.శ. 1256లో, మదీనాలో భూమి కంపించింది. కొన్ని రోజులు కంపిస్తూనే ఉంది. తర్వాత పట్టణానికి ఆగ్నేయంగా భూమి చీలి లావా పొంగింది. సుమారు 52 రోజులు ఆ మంట ఆరలేదు. లావా 23 కిలోమీటర్ల దాకా పారిందని ఇప్పటి శాస్త్రజ్ఞులు కొలిచారు. ఆ కాలంలో డమాస్కస్‌లో ఉన్న ఇమామ్ నవవీ (రహ్మ) తన ముస్లిం వ్యాఖ్యానంలో దీన్ని నమోదు చేశారు. మదీనా నుంచి వచ్చిన ఉత్తరాలను అబూ షామా (రహ్మ) సేకరించగా, ఇబ్నె కసీర్ (రహ్మ) తన చరిత్ర గ్రంథంలో పొందుపరిచారు.

ఆ ఉత్తరాల్లో ఒకటి మదీనా ఖాజీది. ప్రజలు మస్జిదె నబవీలో గుమిగూడి ఏడుస్తూ రాత్రంతా ప్రార్థించారు. ఖాజీ నగర పాలకుని దగ్గరికి వెళ్ళి, శిక్ష మనల్ని చుట్టుముట్టింది, అల్లాహ్ వైపు మరలండి అని హెచ్చరించాడు. అప్పుడు ఆ పాలకుడు తాయెత్తు కట్టుకోలేదు, ఉంగరం తొడుక్కోలేదు. తన బానిసలను విడిచిపెట్టాడు. ఎవరెవరి సొమ్ము తన దగ్గర ఉందో వాళ్ళది వాళ్ళకు తిరిగి ఇచ్చేశాడు.

ఈ మాట చెప్పి నేను కాసేపు ఊరుకున్నాను. చాప మీద ఎవరూ మాట్లాడలేదు.

దర్స్ అయ్యాక ఆ సోదరుడు వెళ్ళిపోలేదు. అందరూ చెప్పులేసుకుని పోయాక నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "మౌలానా, మా అబ్బాజాన్‌కు వనస్థలిపురం వైపు 200 గజాల ప్లాటు ఉండేది" అని మొదలుపెట్టాడు. తల్లి ముందే పోయింది. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ చెరో వంద గజాల్లో ఇళ్ళు కట్టుకున్నారు. వీళ్ళకు ఒక అక్క ఉంది. భర్త లేడు. మూసారాంబాగ్‌లో అద్దె ఇంట్లో బట్టలు కుడుతూ పిల్లల్ని చదివిస్తోంది. ఆమెతో స్టాంపు కాగితం మీద హక్కు వదులుకున్నట్టు సంతకం చేయించుకున్నారు. ఆ రోజు ఒక చీర పెట్టారు.

"ఆపా తనే మాఫ్ చేసింది మౌలానా" అన్నాడు.

"భాయ్, ఆ రోజు ఆమె మీ ముఖం చూసి సంతకం పెట్టిందా, సంతోషంగా పెట్టిందా?" అని అడిగాను.

ఆయన జవాబు చెప్పలేదు.

పాఠకులారా! మన ఇళ్ళలో ఇది కొత్త కథ కాదు. పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయంతో ఆడబిడ్డలు పెట్టే సంతకాలకు మనం మాఫీ అని పేరు పెట్టుకున్నాం. మనస్ఫూర్తిగా ఇస్తే తప్ప ఒక ముస్లిం సొమ్ము మరొకరికి ధర్మసమ్మతం కాదని ప్రవక్త (స) స్పష్టం చేశారు. సూరహ్ నిసాలో అల్లాహ్ స్వయంగా వాటాలు నిర్ణయించాడు. కొద్దిపాటి ఆస్తి అయినా, ఎక్కువైనా స్త్రీకి భాగం ఉందన్నాడు. తహజ్జుద్ చదివేవాళ్ళు కూడా ఈ ఒక్క ఆయత్ దగ్గరికి వచ్చేసరికి చెవిటివాళ్ళవుతున్నారు. ఎల్.బి.నగర్ చౌరస్తా చుట్టూ గజం ధర పెరిగేకొద్దీ ఈ చెవుడు కూడా పెరుగుతోంది.

అన్యాయంగా జానెడు నేల ఆక్రమించుకున్నవాడి మెడకు ప్రళయదినాన ఏడు భూముల లోతు వరకు ఆ నేల హారంగా వేయబడుతుందని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఆ విద్యార్థి వదిలి వెళ్ళిన గ్రానైట్ ముక్క ఇంకా చాప మీదే ఉంది. దాన్ని ఆయన చేతిలో పెట్టాను. మీ ఇంటి పునాది కింద ఈ రాయి కిలోమీటర్ల లోతున ఉంది భాయ్, జానెడు వెడల్పున ఎంత బరువవుతుందో చూసుకోండి అన్నాను. కఠినంగా మాట్లాడానేమో అని తర్వాత బాధపడ్డాను. కాని మెత్తగా చెబితే ఆ మాట ఇన్నేళ్ళుగా దిగలేదు కదా!

సూరహ్ బఖరాలో అల్లాహ్ కొందరి హృదయాలు రాళ్ళలా, రాళ్ళకన్నా కఠినంగా అయిపోయాయని ఆక్షేపించాడు. అక్కడే రాళ్ళ పక్షాన కూడా చెప్పాడు. వాటిలో కొన్నిటి నుంచి నదులు పొంగుతాయి, కొన్ని పగిలి నీళ్ళిస్తాయి, కొన్ని దైవభీతితో దొర్లి పడతాయి. మన మూసీ నది పుట్టేది ఆ అనంతగిరి కొండల్లోనే. అగ్నిగా వచ్చి చల్లారిన నల్లరాతి కొండల నుంచి నీరై, నగరం మధ్యగా పారి, మూసారాంబాగ్ వంతెన కిందుగా నాగోల్ వైపు సాగిపోతుంది. ఆ వంతెనకు కాస్త దూరంలోనే వాళ్ళ ఆపా కుట్టుమిషన్ ఉంది.

ఆయన నా డైరీలోంచి కాగితం అడిగి తీసుకున్నాడు. కొడుకుకు రెండు వంతులు, కూతురికి ఒక వంతు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, మొత్తం ఐదు వంతులు. రెండు వందలను ఐదుతో భాగించి 40 అని రాశాడు. నమ్మకం కుదరనట్టు మళ్ళీ భాగించాడు. మళ్ళీ 40 వచ్చింది. "మా తమ్ముడు ఒప్పుకోడు మౌలానా" అన్నాడు. తమ్ముడు ఒప్పుకున్నా లేకున్నా మీ వంతుకు వచ్చే 20 గజాల విలువ మీ మీద బాకీయే అన్నాను.

ఈ వ్యాసం రాసేనాటికి ఆయన ఆపా ఇంటికి రెండుసార్లు వెళ్ళాడు. మొదటిసారి ఆ మాట ఎత్తలేక టీ తాగి వచ్చేశాడట. రెండోసారి ఎత్తాడు. ఆమె నమ్మలేదట, నీకు ఆరోగ్యం బాగానే ఉందా తమ్ముడూ అని అడిగిందట. దుకాణంలోంచి నెలనెలా కొంత ఇస్తూ బాకీ తీర్చేలా ఇద్దరు సాక్షుల ముందు కాగితం రాసుకోవాలని అనుకున్నారు. తమ్ముడు ఇంకా మాట్లాడడం లేదు.

ఉంగరం ఆయన వేలికే ఉంది. తీసెయ్యమని నేను చెప్పలేదు. మొన్న జుమాలో కనిపించినప్పుడు, "అమ్మేస్తే ఎంత వస్తుందంటారు మౌలానా?" అని మాత్రం అడిగాడు.